కొత్తవాడ పిలుపు సోమక్క

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆవిడ కమల అంటే ఒప్పుకోను గాని, ఇక్కడ నేనే రాసుకుంటున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఆ కోపంతో చెడగొట్టుకున్న పనులు చాలానే ఉన్నాయి. చాలావాటిని మరిచిపోయాను. ఒక్కటి మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అది సోమక్క సంగతి.

సోమక్కది వరంగల్లు కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. నేనెరిగేనాటికి ఆమెకు నలభై దాటాయి. సన్నటి మనిషి, గట్టి గొంతు. కొప్పులో పువ్వు పెట్టగా నేను చూడలేదు, పెన్సిలు ముక్క లేకుండా కూడా చూడలేదు. నాలుగో తరగతితో బడి మానేసిందట. కాని ఆమె ముందు ఎవరైనా ఏదైనా లెక్కపెడుతుంటే, వాళ్ల పెదవులు కదులుతుండగానే ఈమె మొత్తం చెప్పేసేది. గుడి మెట్లు, గంపలో వంకాయలు, పెళ్లి విస్తళ్లు, ఏదైనా సరే.

ఆమె పని పేరు "పిలుపు". మొండయ్య అనే పెద్దమనిషి కొట్టంలో మూడు మగ్గాలుండేవి. మూడింటి మీదా ఒకే నమూనా సాగేది. నమూనా అంటే గళ్లు గీసిన కాగితం, ఒక్కో గడిలో ఒక్కో రంగు. సోమక్క ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని, పీట మీద కూర్చుని, వరుసలు పిలిచేది. "ఎరుపు ఏడు, నలుపు మూడు, తెలుపు రెండు, మల్ల ఎరుపు ఏడు." నేసేవాళ్లు తల ఎత్తేవాళ్లు కారు. ఆ గొంతు ఎంత చెబితే అన్ని పడుగు పోగుల కింద నుంచి వాళ్ల చేతులు రంగు దూర్చేవి. పిలుపులో ఒక్క అంకె తప్పితే మూడు జంపఖానాలు ఒకేసారి పాడవుతాయి. పదహారో ఏట తండ్రి గొంతు పోతే ఈమె ఆ పీట ఎక్కింది. అప్పటి నుంచి ఒక్క వరుసా తప్పలేదని గల్లీలో చెప్పుకునేవారు. ఆ మూడు మగ్గాల్లో ఒకటి ఆమె భర్త రామలింగానిది. ఇంట్లో ఆయన మాట్లాడగా విన్నవాళ్లు తక్కువ. "మా ఇంట్ల పిలుపు ఒక్కదాందే" అని ఆయనే ఒకసారి నాతో అన్నాడు, నవ్వకుండా.

ఇక నా సంగతి. నా పేరు పాండురంగం. మాది హన్మకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం. దుకాణం నడపడం చేతగానివాళ్లే పంతుళ్లవుతారని మా నాయన నమ్మకం. అది నిజం చేస్తూ నేను హైదరాబాదులో లెక్కల్లో ఎమ్మెస్సీ చదివి, కాజీపేట దారిలో కొత్తగా పెట్టిన ఇంజనీరింగు కాలేజీలో చేరాను. సుబేదారిలో అద్దె ఇల్లు, ఒక సైకిలు, కమల, నా కోపం. పందొమ్మిది వందల అరవై మూడులో నా ఆస్తి అంతే.

పరిశోధన కూడా ఒకటి నెత్తికెత్తుకున్నాను. విమానం రెక్క చుట్టూ గాలి ఎట్లా పారుతుందో లెక్కకట్టడం. ఇది వినడానికి గొప్పగా ఉంటుంది గాని, చేసే పని కూలిపని లాంటిది. ఒక కాగితం మీద పన్నెండు గళ్ల ఎత్తు, ఇరవై గళ్ల పొడవు గీస్తాం. నడుమ రెక్క బొమ్మ. పై అంచుకు వెయ్యి, కింది అంచుకు సున్న. మిగతా ప్రతి గడికీ ఒక అంకె కావాలి. నియమం ఒక్కటే: ఏ గడిలోని అంకె అయినా తన మీద, కింద, ఎడమ, కుడి ఉన్న నాలుగు అంకెల సగటు కావాలి. అట్లా అన్నీ కుదిరాక, సమానమైన అంకెలున్న చోట్లన్నీ కలుపుతూ గీతలు గీస్తే అవే గాలి నడిచే దారులు. గీతలు దగ్గరపడ్డ చోట గాలి వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ. రెక్క మీద అట్లా ఒత్తిడి తగ్గబట్టే విమానం లేస్తుంది.

చిక్కెక్కడంటే, ఒక గడి సర్దితే పక్క గడి చెడుతుంది. దాన్ని సర్దితే దాని పక్కది. అందుకని మొదట ఏవో అంకెలు వేసుకుని, కాగితం మొత్తం మళ్లీ మళ్లీ సర్దుకుంటూ పోవాలి. నేను చదువుకున్న పద్ధతి ప్రకారం పాత కాగితం చూసి కొత్త కాగితం నింపాలి, రెంటినీ కలపకూడదు. అట్లా ఎనభై చుట్లు తిరిగితే అంకెలు కదలకుండా కూర్చుంటాయి. ఒక్కో చుట్టుకు రెండు వందల నలభై సగట్లు. రెక్కను ఏడు వాలుల్లో పెట్టి ఏడు కాగితాలు పూర్తి చేయాలి. శివరాత్రి లోపల అవి హైదరాబాదులోని మా గైడుగారి బల్ల మీద ఉండాలి. అంతకుముందు ఒక పట్టికలో నేను చేసిన తప్పును ఆయన నలుగురి ముందు ఎత్తి చూపించి నవ్వారు. ఆ మంట నాలో ఇంకా ఆరలేదు. కాలేజీలో తిప్పే లెక్కల మిషను ఒక్కటే ఉండేది, దానికి పదిమందిమి పోటీ.

వినాయక చవితి తర్వాత ఒకరోజు కమల ముందు గదిలోకి జంపఖానా కొనడానికి కొత్తవాడ పోయి వచ్చింది. వచ్చీ రాగానే నా బల్ల మీది కాగితం ఎత్తి చూసింది.

"ఏమండీ, మీరు కుస్తీ పడే కాగితం ఆడ ఒక అక్క దగ్గర గూడ ఉన్నది. గిట్లనే గళ్లు. ఆమె పాట పాడినట్టు చదువుకుంట పోతాంది. మీరేమో గడికొక గంట కూసుంటాండ్రు."

నాకు కోపం వచ్చింది. అయినా, ఆమె ఈ లెక్క చేస్తుందేమో అడుగుదామని, మరునాడు కమలను వెంటబెట్టుకుని కొత్తవాడ పోయాను. కూలి సంగతి కమలే మాట్లాడింది. నేను నియమం చెప్పాను. సోమక్క శ్రద్ధగా విన్నది.

"నాలుగు కలిపి, సగం జేసి, మల్ల సగం జెయ్యాలె. గంతేనా సారూ?"

"గంతే. కాని మళ్ల మళ్ల చెయ్యాలె. ఎనభై సార్లు."

"ఎనభై కాగితాలా?" అని నా వంక జాలిగా చూసింది. తర్వాత రెక్క బొమ్మ మీద వేలు పెట్టింది. "ఇదేంది?"

చెప్పాను. మామునూరు విమానాల మైదానంలో విమానం దిగడం ఆమె ఒకసారి చూసిందట. "అంత బరువు గాలి మీద ఎట్ల నిలవడ్తదో అని ఆ దినమంత నాకదే ఫికరు" అన్నది. "ఈ అంకెలు కూసుంటే అది తెలుస్తదా?" తెలుస్తుందన్నాను. కాగితం తీసుకుని నమూనా కాగితాలతో పాటు మడత పడకుండా చుట్టి పెట్టుకుంది. ఆ చుట్టడం చూసి నాకు ధైర్యం వచ్చింది.

రోజుకొక చుట్టు చొప్పున మొదటి కాగితానికే మూడు నెలలు పడుతుందని, మిగతావాటికి గైడుగారిని గడువు అడుక్కోవాల్సిందేనని లెక్కేసుకున్నాను. పదమూడో రోజున సోమక్క సుబేదారికి నడిచి వచ్చి, పూర్తయిన కాగితం కమల చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగి, రెండో కాగితం తీసుకుని వెళ్లింది. పన్నెండు రోజులు! ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు అనుమానం కలిగింది. గైడుగారి నవ్వు చెవుల్లో మోగింది. మరునాడు పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ కొత్తవాడ పోయాను.

కొట్టంలో మగ్గాలు ఆడుతున్నాయి. వరుసకీ వరుసకీ మధ్య దొరికిన తీరికలో సోమక్క రెండో కాగితం ముందు పెట్టుకుని ఉంది. నేను గుమ్మం దగ్గర ఆమె వెనక నిలబడి చూశాను. ఒకే కాగితం మీద చెరిపి రాస్తోంది. పాతదీ కొత్తదీ కలిసిపోయాయి. అదే ఒక తప్పు. ఇంతలో ఒక గడి దగ్గరికి వచ్చింది. మీద ఆరు వందల ఇరవై, కింద మూడు వందల ఎనభై, ఎడమ ఐదు వందల పది, కుడి ఐదు వందల ముప్పై. సగటు ఐదు వందల పది. గడిలో అంతకుముందున్నది నాలుగు వందల తొంభై నాలుగు. సోమక్క దాన్ని చెరిపి ఐదు వందల పద్దెనిమిది రాసింది.

నా బుర్ర తిరిగింది.

"ఇదేనా నువ్వు చేసే లెక్క?" అని అరిచాను. "ఐదొందల పది రావాల్సిన కాడ పద్దెనిమిది రాస్తవా? కండ్లకు కనపడ్డ అంకె వేసి పన్నెండు రోజుల్ల నా నెత్తిన పెడ్తవా? ఇది దొంగ లెక్క! నీ లెక్కంతా దొంగ లెక్క!"

మగ్గాలు ఆగిపోయాయి. మొండయ్య బయటికి వచ్చాడు. ఎదురిళ్ల ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. సోమక్క లేచి నిలబడి, "సారూ, జర ఇనుండ్రి, నేను చెప్పేది..." అన్నది. నేను వినలేదు. కాగితాలు లాక్కుని సైకిలెక్కాను. గల్లీ మలుపు తిరిగేదాకా వెనక మగ్గం చప్పుడు వినపడలేదు.

ఇంటికి వచ్చి మొదటి కాగితం ముందేసుకున్నాను, ఎన్ని తప్పులున్నాయో ఎర్ర సిరాతో గుర్తు పెడదామని. మొదటి గడి. నాలుగు కలిపాను, నాలుగో వంతు తీశాను. సరిపోయింది. రెండోది సరిపోయింది. పదోది, యాభయ్యోది. రెక్క ముక్కు దగ్గర ఒకటి తప్పు దొరికిందని సిరా పెన్ను ఎత్తాను. మళ్లీ కూడితే తప్పు నా కూడికలో ఉంది. మధ్యాహ్నం భోజనం మరిచిపోయాను. కమల మూడుసార్లు చాయ్ పెట్టింది.

"దొరికిండా దొంగ?" అన్నది మూడోసారి.

రెండు వందల నలభై గళ్లలో రెండింటిలో ఒక్కొక్కటి తేడా. అది నేను చేసినా వచ్చేదే. కాగితం పూర్తిగా కుదిరి ఉంది. దారిలో తప్పుడు అంకెలు రాసుకుంటూ పోయిన మనిషి చివరికి సరైన చోటికి, అదీ నాకంటే ఏడు రెట్లు తొందరగా ఎట్లా చేరిందో లెక్కల లెక్చరరునైన నాకు అంతుపట్టలేదు. తెలిసింది ఒక్కటే, ఆమె దొంగ లెక్క చేయలేదు.

మరునాడు అరడజను బత్తాయిలు కొని కొత్తవాడ పోయాను. కొట్టంలో పిలుపు వినపడుతోంది గాని ఆ గొంతు సోమక్కది కాదు. పీట మీద మొండయ్య అల్లుడు కూర్చుని, కాగితం మీద వేలు పెట్టుకుని, "నలుపు... ఆగుండ్రి... నలుపు నాలుగు, కాదు, మూడు" అంటున్నాడు. రామలింగం నేసిన వరుస విప్పుకుంటున్నాడు. సోమక్క ఒక మూల రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఆమె కొప్పులో పెన్సిలు లేదు.

ఒక పెద్ద సభాభవనానికి జంపఖానాలు నేసే పని అప్పుడే వచ్చిందట. సదువుకున్న సారు వచ్చి, లెక్క దొంగదని గల్లీ అంతా వినేటట్టు అరిచాక, ఆ పనికి ఆమె పిలుపు ఎట్లా నమ్మేదని మొండయ్య భయపడ్డాడు. ఆయన్ను అనడానికి ఏముంది? ఇరవై అయిదేళ్లు ఒక్క వరుస తప్పని మనిషిని నేను ఒక్క నిమిషంలో పీట దింపాను.

దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, "సోమక్కా, తప్పు నాదే. నీ కాగితం సరిగ్గనే ఉన్నది" అన్నాను.

రాట్నం ఆపకుండానే ఆమె అన్నది, "నాకెరుకే సారూ."

"మిగిలిన కాగితాలు తెచ్చిన."

"చెయ్య."

"మాఫీ అడుగుతాన గదా."

అప్పుడు ఆపింది. "మీరు తిట్టింది గల్లీ అంత ఇన్నది. తప్పైందన్నది నేనొక్కదాన్నే ఇన్న. ఎట్ల సరిపోతది? అదే జాగల నిలవడి, గంత గట్టిగనే చెప్పుండ్రి. పీట పోయినంక నాకు బత్తాయిలెందుకు?"

"నేను కాలేజీ లెక్చరర్ను, సోమక్కా. గల్లీల నిలవడి అరుస్తే..."

"నిన్న అరిచినప్పుడు గాదా లెక్చరర్?" అన్నది. అనేసి, నాకు మంచినీళ్లు ఇచ్చింది. కోపంలో ఉన్నా మర్యాద తప్పని ఆ చేతిని చూస్తే నాకు ఇంకా సిగ్గేసింది. అయినా గల్లీలో నిలబడి ఆ మాట అనలేకపోయాను. వచ్చేశాను.

వారం రోజులు నేనే కాగితాలతో కూర్చున్నాను. మూడు చుట్లు పూర్తయ్యేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. నిజానికి నన్ను తినేసింది శివరాత్రి గడువు కాదు. ఏ పని చేస్తున్నా "నలుపు... ఆగుండ్రి" అన్న ఆ అల్లుడి గొంతు వినపడేది. రాట్నం ముందు వంగిన ఆ వీపు కనపడేది. కమల అన్నం వడ్డిస్తూ, "తిట్టెటందుకు గంత గొంతు వచ్చింది. తప్పైందనెటందుకు రాదా?" అన్నది.

ఆదివారం పొద్దున మంచి చొక్కా వేసుకుని కొత్తవాడ పోయాను. సైకిలు స్టాండు వేసి, సరిగ్గా మొన్న నిలబడ్డ చోట నిలబడ్డాను. అరవడం నాకు కొత్త కాదు గాని, కోపం లేకుండా అరవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "సోమక్క లెక్క సరైనది!" అని అరిచాను. గొంతు కీచుమన్నది. మళ్లీ అరిచాను. "సోమక్క లెక్కల తప్పు లేదు! తప్పు నాది! నేను ఊకెనే నోరు పారేసుకున్న!"

గుమ్మాలు నిండాయి. సోమక్క రాట్నం దగ్గర నుంచి లేచి తలుపు పక్కన నిలబడింది. మొండయ్య భుజం మీది తువాలు సర్దుకుంటూ వచ్చాడు.

"సారూ, మొన్న తప్పన్నరు. ఇయ్యాల ఒప్పంటాండ్రు" అన్నాడు నెమ్మదిగా. "రెండు సార్లు మీ గొంతే. నేను ఏది నమ్మాలె? సోమక్క అంటే నాకు బిడ్డ లెక్క. కాని మూడు మగ్గాలున్నయి గదా."

న్యాయమైన మాట. సోమక్కే ముందుకొచ్చింది. "నమ్ముడెందుకు మామా. సూసుకో. సారొక కాగితం జేస్తడు, నేనొకటి జేస్త, నీ ముంగట్నే."

అరుగు మీద కూర్చున్నాం. రెండు కాగితాల మీద ఐదు గళ్ల ఎత్తు, ఐదు గళ్ల వెడల్పు గీశాను. పై అంచుకు వెయ్యి, మిగతా మూడు అంచులకూ సున్న. లోపల ఇరవై అయిదు గళ్లూ సున్నలే. నియమం అందరికీ వినపడేటట్టు చెప్పాను.

"ఆఖరుకు ఎవరిది ఒప్పో నాకెట్ల ఎరుకైతది?" అన్నాడు మొండయ్య.

"ఏ గడి మీదనన్న వేలు పెట్టు. చుట్టున్న నాలుగు కలుపు. అండ్ల నాలుగో వంతు గడిల లేకుంటే తప్పే."

"గంతైతే నేను సూస్త" అని మొండయ్య మా మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మొదలుపెట్టాం. నేను పాత కాగితం చూసి కొత్త కాగితం, దాన్ని చూసి ఇంకో కాగితం. ఆమె ఒకే కాగితం, ఒక రబ్బరు ముక్క. చుట్టుకు చుట్టు ఇద్దరం సమానంగా పోయాం, ఒకరు ముందయితే రెండోవారి కోసం ఆగుతూ. పిల్లలు వెనక నుంచి చుట్లు లెక్కపెట్టారు. పద్నాలుగో చుట్టులో సోమక్క కాగితం మొదటి నుంచి చివరిదాకా తడిమి, రబ్బరు పక్కన పెట్టింది. "ఇగ కదలవు."

నా అంకెలు ఇంకా పాకుతున్నాయి. నడిగడిలో నాది నూట తొంభై ఎనిమిది. ఆమెది రెండు వందల యాభై.

మొండయ్య ఆమె కాగితంలో ఒక గడి మీద వేలు పెట్టాడు. పెదవులు కదిలించుకుంటూ కూడాడు. సరిపోయింది. ఇంకొకటి. ఇంకొకటి. నా కాగితంలో వేలు పెట్టిన ప్రతి చోటా తేడా వచ్చింది. తర్వాత నడిగడి మీద ఆగాడు. "నాలుగు దిక్కులల్ల ఒక్క దిక్కు వెయ్యి, తతిమ్మ మూడు సున్న. సరిగ్గ నడుమ నాలుగో వంతే రావాలె గదా. రెండొందల యాభై. లెక్క గూడ అక్కర్లేదు" అన్నాడు. నాకు తోచని మాట అది.

"మరి నువ్వు ఎక్కువేస్తాన్నవ్ గదనే బిడ్డా. నేను సూస్తనే ఉన్న. పదహారు పెరగాల్సిన కాడ ఇరవై నాలుగు పెంచుతానవ్. గా ఎక్కువ ఆఖర్ల ఏడికి పోయింది?"

నేను అడగలేక దాచుకున్న ప్రశ్న అదే. పెన్సిలు పట్టుకుని చెవులు రిక్కించాను.

"పడుగుల అడ్డం పేక పోగు ఎట్లేస్తం మామా మనం?" అన్నది సోమక్క. "బిగ్గట్ట లాగి వేస్తే అంచు లోపలికి గుంజుకుంటది. అందుకే పోగును జర వంపు జేసి, ఎక్కువిచ్చి, అప్పుడు కొడ్తం. కొట్టినంక ఆ ఎక్కువ ఏడ కనపడ్తది? బట్టల కలిసిపోతది. ఈ అంకెలు గంతే. ఇయ్యాల పదహారు పెరిగిందంటే పక్కవి గూడ పెరుగుతానయన్నట్టే. రేపు ఇది మల్ల పెరుగుతది. అందుకని రేపటిది జర ఇయ్యాల్నే ఇస్త, వచ్చిన తేడాకు ఇంకో సగం. కూసున్నంక తేడా సున్న. సున్నకు సగమెంత?"

"సున్న" అన్నారు పిల్లలు.

ఎనిమిదేళ్లు చదివిన లెక్కలు నాకు చెప్పని మాట అది.

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నాకు ఆ ఆదివారం దగ్గరే ఆగాలని ఉంది. ఏడు కాగితాలూ శివరాత్రికి పది రోజుల ముందే గైడుగారి బల్ల మీదికి చేరాయి. ఈసారి ఆయన తప్పులు వెతికి, దొరక్క, చేసిందెవరని అడిగారు. "సోమక్క, కొత్తవాడ" అన్నాను. అదే మాట నా సిద్ధాంతగ్రంథం మొదటి పేజీలో ఉంది. కమల అది చదివి వినిపిస్తే, "రామలింగం పేరెయ్యలేదా? ఆయన మగ్గం మీదనే కాగితం పెట్టుకున్న గదా" అన్నది సోమక్క. రెండు మూడేళ్లకు ఒక పత్రిక చేతికి వచ్చింది. పాతదాన్ని కొత్తదాంతో కలపడానికీ, తేడాకు కొంత ఎక్కువ ఇవ్వడానికీ విదేశాల్లో అంతకు ముందే పేర్లున్నాయి, సూత్రాలున్నాయి, ఎంత ఎక్కువిస్తే మేలో చెప్పే పట్టికలున్నాయి. మా లైబ్రరీకి అవి రాలేదు, అంతే. పరుగెత్తుకుంటూ పోయి ఆమెకు చెప్పాను. ఆశ్చర్యపోయి, "వాళ్లు గూడ జంపఖానాలు నేస్తరా?" అని అడిగింది. అరవై ఎనిమిదిలో హైదరాబాదులో కంప్యూటరు ముందు మొదటిసారి నిలబడి, అది సోమక్క పద్ధతిలో లెక్క చేస్తుంటే చూసినప్పుడు, నా పక్కన ఆమె లేదే అని నిజంగా బాధపడ్డాను.

ఆ ఆదివారం మొండయ్య లేచి లోపలికి పోయాడు. అల్లుడి చేతిలోంచి నమూనా కాగితం తీసుకుని, పీట తువాలుతో తుడిచి, బయటికి వచ్చాడు. "రా బిడ్డా" అన్నాడు. సోమక్క రాట్నం వైపు చూడనైనా చూడలేదు. నా చేతిలోని పెన్సిలు తీసుకుని కొప్పులో దోపుకుంది, అది నాదన్న సంగతి పట్టించుకోకుండా. పీట మీద కూర్చుంది. రామలింగం అంతకుముందే పోగు చేతపట్టుకుని ఉన్నాడు.

"ఎరుపు ఏడు, నలుపు మూడు..."

మూడు మగ్గాలూ ఒక్కసారి కదిలాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలనిపించలేదు. గల్లీలో వాళ్లు ఎవరి పనికి వాళ్లు పోతున్నారు. ఆ గొంతు పైకి పోతూ కిందికి దిగుతూ వరుస తర్వాత వరుస పిలుస్తుంటే, నేను చెడగొట్టింది మళ్లీ కుదురుకోవడం నా చెవులతో విన్నాను. ఎంతసేపయినా అక్కడే నిలబడేవాణ్ణి.

వరుస మధ్యలో పిలుపు ఆగింది. సోమక్క కాగితం మీది నుంచి తలెత్తింది.

"సారూ, జర పక్కకు జరుగుండ్రి. ఎల్తురుకు అడ్డమొస్తాండ్రు."

జరిగాను.